ఎముకలు: ఆకారం, నిర్మాణం

విద్యార్థులారా, మీ వేలి ఎముక పొడవైనదా, పొట్టిదా? పొట్టిదని రాసి మార్కులు పోగొట్టుకునేవారే ఎక్కువ. చూడాల్సింది కొలత కాదు, ఆకారం. నడుమ కాండం, రెండు కొసల ఉబ్బు ఉన్నాయి కనుక తొడ ఎముకలాగే అదీ పొడవైన ఎముకే. మణికట్టులోని 8 ఎముకలు పొట్టివి. పుర్రె పైకప్పువి బల్లపరుపువి. వెన్నుపూసలకు ఒక క్రమాకారం లేదు. మోకాలి చిప్ప టెండాన్ లోపల ఏర్పడే సెసమాయిడ్ ఎముక.

నిర్మాణంలో మాత్రం దట్టమైనది, స్పంజిలాంటిది అని రెండే రకాలు. ఒకే ఎముకలో ఈ రెండూ ఉంటాయి. తొడ ఎముకను నిలువునా కోస్తే కాండం గోడ దట్టంగా కనిపిస్తుంది. తల, మెడ భాగాల్లో పలుచని పెంకు కింద అంతా తేనెపట్టులా ఉంటుంది. వయసు మళ్ళాక ముందుగా గుల్లబారేది ఈ తేనెపట్టే. అందుకే స్నానాలగదిలో జారిపడిన అవ్వకు తుంటి దగ్గర విరుగుతుంది. వెన్నుపూసైతే పడకపోయినా నలిగిపోవచ్చు.