కొండ నడకకు చేతికఱ్ఱ



చేతికఱ్ఱ పట్టినచో ముసలితనము నొప్పుకొన్నట్లగునని మనలో పెక్కుమంది తలంపు. ఊరివీథిలో నీ పంతము చెల్లవచ్చును గాని కొండమెట్లపై చెల్లదు. మా అఫ్జల్‌గంజ్ ప్రాంతమునుండి తిరుమలకు కాలినడకన పోవు పెద్దలు తఱచుగా నడుగు విషయము కావున నాలుగు మాటలు మనవి చేసెదను.

2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటయందు చిఱుతపులి యొక బాలికను బలిగొనెను. పిమ్మట దేవస్థానమువారు నడచిపోవు భక్తులకు కఱ్ఱలిచ్చి, వానిని నరసింహస్వామి గుడికడ తిరిగి తీసికొను నేర్పాటు చేసిరి. మృగభయమునకది తగినదే. కాని మోకాళ్ళ మెట్టు ఆ గుడి దాటిన పిదపగదా వచ్చుట! మొత్తము 3,550 మెట్లలో కీళ్ళకు మిక్కిలి పరీక్షయైన చోట ఆ కఱ్ఱ చేతనుండదు. కావున మన కఱ్ఱను మనమే కొనిపోవలెను.

సాధనపు వెదురు మేలు. లోన గుల్ల తక్కువ, గట్టిది. అంగడివాడు చూపు నగిషీ పిడికి భ్రమపడక, కఱ్ఱను నేలకానించి బరువు మోపి చూడుడు. కొంచెము వంగి మరల నిక్కినచో మంచిది, చిటచిటమన్నచో విడువుడు. నిలుచుండి పట్టినప్పుడు మోచేయి మూలమట్టముగా వంగవలెను. ఆ పట్టునకు పైన మఱియొక జానెడు కఱ్ఱ మిగులవలెను. ఎందులకనగా, ఎక్కునప్పుడు పట్టు క్రిందికిని, దిగునప్పుడు పైకిని జరుపుకొనవలసి యుండును. ఇనుప పొన్ను మట్టిబాటకు మంచిదే గాని నున్నని రాతిమెట్టుపై జాఱును. అచ్చట రబ్బరు తొడుగు కావలెను. అది అరిగినచో వెంటనే మార్పుడు. అరిగిన తొడుగుకంటె కఱ్ఱ లేకుండుటయే నయము.

ఎక్కుటలో నున్నది ఆయాసము. దిగుటలో నున్నది అపాయము. కొండపై దర్శనమైనదిగదా యని కఱ్ఱను చంకనబెట్టి దిగువారిని చూచినచో నాకు గుండె ఝల్లుమనును. కుడిమోకాలు నొప్పియైనచో కఱ్ఱ ఎడమచేత నుండవలెను. చాలమంది నొప్పివైపుననే పట్టుదురు, అది పొరపాటు. దిగునప్పుడు ముందు కఱ్ఱ, పిదప నొప్పికాలు, తరువాత మంచికాలు క్రిందిమెట్టు చేరవలెను. ఎక్కునప్పుడు మంచికాలే ముందు. రెండుచేతులకు రెండు కఱ్ఱలైనచో మోకాళ్ళ భారము మఱింత తగ్గును. నవ్వువారు నవ్వుదురు గాక.

ఇంటికి వచ్చినపిమ్మట కఱ్ఱను మూలకు చేరవేయకుడు. నెలలకొలది యట్లున్న వెదురు వంకరపోవును. తడి తుడిచి, నీడ నారనిచ్చి, వేపనూనె పట్టించి, రెండు మేకులపై అడ్డముగా పెట్టుడు. క్రింద పిండివంటి పొడి రాలుచున్నచో పురుగు పట్టినదని గ్రహించి, ఆ కఱ్ఱపై మరల బరువు మోపకుడు. ఇప్పుడు మనుమలు కొని తెచ్చు అల్యూమినియపు కఱ్ఱలు కొన్ని యొకదానిలో నొకటి దూరు గొట్టములు. వానిని విడదీసి యారబెట్టవలెను. బిగింపుకడ మాత్రము నూనె పూయరాదు. పూసినచో బరువు మోపిన క్షణమున గొట్టము లోనికి జాఱి మనిషిని పడవేయును.