పూరేకులు, గురులఘువులు, పిల్లల లెక్కలు



ఉద్యోగరీత్యా సూరతు చేరిన మన కుటుంబములలో పిల్లల చదువును గూర్చిన చింత రెండు విధములు. లెక్కలు రావేమో యను భయ మొకటి. తెలుగు పోవునేమో యను బెంగ రెండవది. మొదటిదానికి ట్యూషను పెట్టుచున్నాము. రెండవదానికి నిట్టూర్చి యూరకుందుము. ఈ రెండింటికిని ఒక్క ఆటలో కొంత మందు కలదని మనవి చేయుటకే ఈ ప్రసంగము.

2010లో సారా కాంప్‌బెల్ అను అమెరికా రచయిత్రి పిల్లలకై ‘గ్రోయింగ్ పాటర్న్స్’ అను ఛాయాచిత్రముల పుస్తకము వెలువరించెను. అందు పూలు మొదలగువానిని చూపి 1, 1, 2, 3, 5, 8, 13 అను వరుసను పరిచయము చేసెను. పక్కపక్కనున్న రెండంకెలను కూడినచో తరువాతి అంకె వచ్చును. పాశ్చాత్యులు దీనిని ఫిబొనాచ్చి పేరిట పిలుతురు; ఆయన గ్రంథము 1202 నాటిది. అంతకు ముందే, 1150 ప్రాంతమున, ఈ గుజరాతు దేశముననే హేమచంద్రాచార్యుడు ఛందశ్శాస్త్రము వ్రాయుచు ఈ వరుసను చెప్పియుండెను. ఆయనకు పూర్వము విరహాంకుడును దీని నెరుగును.

ఛందస్సునకును అంకెలకును సంబంధమేమందురా? లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని విధముల నింపవచ్చునో పిల్లలచే చప్పట్లతో కొట్టించి చూడుడు. గగము, భగణము, జగణము, సగణము, నలము: ఐదే విధములు. మన కందపద్యమున వచ్చు గణములు సరిగా ఈ ఐదే గదా! ఆరవది లేకుండుట లాక్షణికుల ఇష్టము కాదు, లెక్కయే ఒప్పుకొనదు.

ఇక ఐదు మాత్రలకో? చివర లఘువున్నచో ముందు నాలుగు మాత్రలు మిగులును. అవి 5 విధములు. చివర గురువున్నచో మూడు మాత్రలు మిగులును. అవి 3 విధములు. వెరసి 8. ఈ కారణమును మనము తొందరపడి చెప్పరాదు. బిడ్డ తానే చప్పట్లు కొట్టి, పలకపై వ్రాసి, విడిచిన విధమును వెదకుకొని కనుగొనవలెను. 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా ఆటను, స్వేచ్ఛను చదువునకు పునాదిగా చేసిన సంగతి ఈ రాష్ట్రమువారికి క్రొత్త కాదు.

సెలవునాడు తాపీ యొడ్డునకు పోయినపుడు రాలిన పూల నేరించుడు. ముద్దది కాని మందారమునకు రేకులు 5, ఒంటిరేకు నందివర్ధనమునకు 5. అనాసపండుపై కన్నులు తిరిగిన చుట్లను సుద్దముక్కతో గుర్తించి లెక్కించినచో ఒక దిక్కున 8, మరియొక దిక్కున 13 తరచుగా కనబడును. కాని ఒక్క హెచ్చరిక. ఆవపూవునకు రేకులు 4. మన వరుసలో 4 లేదు. ప్రకృతి యంతయు ఈ వరుసనే నడచునని బోధించినచో, ఆవపూవు చేతబట్టిన పిల్లవాడు తన కంటినే శంకించును. అది గణితము కాదు, మూఢవిశ్వాసము. కావున కలిసినవానికొకటి, కలియనివానికొకటి, రెండు పట్టికలు వ్రాయింపవలెను.

కడపట నొక సూచన. ఈ నగరమున మరమగ్గములపై పనిచేయు తెలంగాణ పద్మశాలి కుటుంబములు చిరకాలముగా నున్నవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. బదిలీల వెంట బడులు మారెడి మన పిల్లలలో పలువురికి అంకెలు వచ్చును, తెలుగు అక్షరములు రావు. గురులఘువులను గుర్తింపవలెనన్నచో, తెలుగున చదువుకొనుచున్న ఆ చెలికాండ్ర సహాయము వారికి కావలసినదే. నెలకొక ఆదివారము ఉభయులను ఒక్క చాపపై కూర్చుండబెట్టుదము. వ్యయము ఒక అనాసపండు, నాలుగు సుద్దముక్కలు. ఆట ముగిసిన పిమ్మట పండును అందరికిని సమముగా పంచు లెక్కను పిల్లలకే విడిచిపెట్టుదము.