పూతరేకుల యింటి బిడ్డలు



బడికి వచ్చిన బాలుని "మీ నాయన యేమి చేయును?" అని యడిగినచో సేద్యగాని కొడుకు "సేద్యము" అనును, గుమాస్తా కొడుకు "కచేరీలో పని" అనును. తినుబండారముల వ్యాపారము గల యింటి బిడ్డ మాత్రము "మేము పూతరేకులు చేయుదుము" అని బహువచనముతో బదులు చెప్పును. ముప్పదియేండ్లకు పైబడి ఉపాధ్యాయవృత్తిలో నుండి యీ భేదమును పలుమారులు గమనించితిని. వ్యాకరణము చెప్పువాని చెవికి ఇట్టివి సోకక మానవు గదా! తండ్రి పనిని గూర్చి యడుగగా, ఇల్లంతయు కర్తగా నిలిచిన వాక్యమది. ఆ "మేము" అను మాటవలన బిడ్డకు కలుగు లాభమెంత, నష్టమెంత యను సంగతి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఉదాహరణమునకు ఆత్రేయపురమును గైకొందము. ధవళేశ్వరపు ఆనకట్టకు దిగువను, గోదావరి కాలువలు పారు నేలయందున్న యీ గ్రామము ఇప్పుడు కోనసీమ జిల్లాలోనిది. సప్తగోదావరులలో ఆత్రేయ యొకటి. ఊరి పేరును అదియే. ఇచ్చటి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. పూత యనగా పూయుట. రేకు యనగా పలుచని పొర. పూవునకు రేకు, డబ్బాకు రేకు, తీపికి రేకు. మూడింటికి ఒక్క మాటతో సరిపెట్టుకొనుట మన భాషలోని పొదుపరితనము.

చేయు విధము పలువురు వినియుందురు గాని, కన్నవారు కొలదిమంది. బియ్యమును నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలవలె పలుచన చేయుదురు. పొయ్యిమీద బోర్లించిన కుండ యుండును. దాని నున్నని బొజ్జయే పెనము. క్రింద ఎండు కొబ్బరాకు మంట. పలుచని గుడ్డను పిండినీటిలో ముంచి, రెండు చేతుల అంచులు పట్టి, కుండపై పరచి యీడ్చినంతనే తెల్లని పొర నిలుచును. రెప్పపాటులో అది యెండి అంచు లేచును. అంతట దానిని చిరుగనీయక తీయవలెను. మంట హెచ్చినచో మాడును, తగ్గినచో కుండను వదలదు. గుడ్డ ఒక క్షణము జాగు చేసినచో పొర దళసరియగును. ఆపైని రేకును తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాచి, చక్కెరయో బెల్లపు పొడియో చల్లి మడుచుట వేరొక పని. రేకు తీయువారొకరు, మడిచి అమ్మువారొకరు అగుటయు కలదు. రేకు తీయువారు చాలవరకు స్త్రీలే.

ఈ పని నోటితో చెప్పిన వచ్చునది కాదు. మంట యెంత యుండవలెనని తల్లి నడిగినచో "చూచుకొనవలెను" అనును. అంతకు మించి ఆమె చెప్పలేదు. చెప్పుటకు మాటలును లేవు. బిడ్డ ప్రక్కను కూరుచుండి, కొబ్బరాకు చీల్చి యందించుచు, ఆరిన రేకులను దొంతులు పేర్చుచు, తల్లి మణికట్టు కదలికను దినదినము చూచుచుండగా, ఒకనాటికి ఆ "చూచుకొనుట" ఆ బిడ్డ చేతికిని దిగును. మా వేదపాఠశాలలలో గురువు పెదవుల కదలికను చూచి స్వరము పట్టుకొనెడివారము. రెండును ఒక జాతి విద్యలే యని నా తలంపు. కొందరు పండితులు దీనికి నవ్వుదురేమో, నవ్వనిండు.

లెక్కల విషయమున ఈ బిడ్డల తీరు వేరు. నా తరగతిలో ఒక బాలిక యుండెడిది. భిన్నములు పలకపై వ్రాసినచో బిక్కమొగము వేసెడిది. "నూరు రేకులలో ఎనిమిది చిరిగినవి, మిగిలినవానిలో నాలుగవ పాలు పిన్నమ్మకు పోయినది, మీకెన్ని?" అని యడిగినంతనే, పలక ముట్టకయే అరువదితొమ్మిది యని చెప్పెను. ఇతర బాలురు ఇంకను పలకలు తుడుచుకొనుచుండిరి. మరియొకటి. సరుకు కొనవచ్చినవారితో మాటలాడుటలో వీరికి బెదురుండదు. క్రొత్తవాడు వచ్చి "నెయ్యి మంచిదేనా?" అని శంకించినచో కోపపడక, ఒక రేకు తుంచి చేతిలో పెట్టుట పదియేండ్ల పిల్లకు తెలియును. నలుబదియేండ్లవారికి కొందరికి తెలియదు.

ఇంతవరకు లాభమును గూర్చి చెప్పితిని. ఇక రెండవ ప్రక్క.

మిఠాయి గిరాకి పండుగలను, పెండ్లిండ్లను పట్టి వచ్చును. సంక్రాంతికి బడులు మూసినప్పుడు తక్కిన పిల్లలు గాలిపటములు ఎగురవేయుచుండగా, ఈ యిండ్లలో పని గొంతువరకు వచ్చును. మాఘ ఫాల్గునములలో ముహూర్తములు, వెనువెంటనే ఉగాది, ఆ దినములలోనే పదవ తరగతి పరీక్షలు. దీపము క్రింద చదువవలసిన కుఱ్ఱవాడు పెట్టెలు కట్టుచు కూరుచుండును. మరునాడు బడిలో కునుకుపాట్లు. అట్లు నిద్రించిన బాలుని బల్లపై నిలబెట్టి, తోడిపిల్లలచేత నవ్వించిన ఉపాధ్యాయు నొకని నేనెరుగుదును. ఆతని పేరు చెప్పను. ఆ బాలుడు పిమ్మట బడికి రాలేదు. నేను రెండుమారులు వారి యింటికి పోయితిని. తండ్రి నాకు పీట వేసి, పళ్లెముతో మిఠాయి పెట్టి, బాలుని మాట మాత్రము దాటవేసెను.

పొగను గూర్చియు చెప్పవలెను. తాటాకు పందిరి క్రింద మూడు పొయ్యిలు మండుచుండగా ప్రక్కను పండుకొన్న పసిబిడ్డ దగ్గు, ఇంటివారి చెవికి అలవాటయి వినబడదు; బయటినుండి పోయిన మనకు వినబడును. కాజాలు, లడ్డులు చేయు ఇండ్లలో మరుగు నూనె మూకుళ్లు, ముదురు పాకము ఉండును. పాకము చర్మమునకు అంటుకొని విడువదు గనుక నీటికంటె ఘోరముగ కాల్చును. ఆ గదిలోనికి బిడ్డను రానీయరాదు. ఇందు వాదము లేదు.

చట్టమేమనునో తెలిసికొనుట పెద్దలకు మేలు. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించిరి. పదునాలుగేండ్లు నిండని బిడ్డను ఏ పనిలోను పెట్టుకొనరాదు. అయితే అపాయము లేని యింటి వ్యాపారమున, బడివేళ దాటిన పిదపను, సెలవులలోను, చదువు చెడకుండ, తనవారికి సాయపడవచ్చును. 2017లో వచ్చిన నియమములు దీనికి హద్దులు గీచినవి: రాత్రి ఏడు గంటలు మొదలు ఉదయము ఎనిమిది గంటలవరకు పని కూడదు, దినమునకు మూడు గంటలకు మించరాదు, పెద్దవారు చేయవలసిన పనికి బదులుగ బిడ్డను నిలుపరాదు. తనవారనగా తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, మేనత్త, మేనమామ, పినతండ్రి, పినతల్లి మున్నగువారని చట్టము వివరించినది. ఆ వరుసలో తాతయు అవ్వయు లేరు! ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది. మనుమనిచేత పని చేయించు తాతలు ఈ సంగతి గమనింతురుగాక.

ఈ హద్దులు నాకు న్యాయముగనే తోచుచున్నవి. మూడు గంటలలో చూడవలసినదంతయు చూడవచ్చును. నాలుగవ గంటనుండి బిడ్డ నేర్చుకొనుట మాని కూలిచేయుట ఆరంభించును.

కాని నన్ను కలవరపెట్టునది చట్టమునకు అందని ప్రశ్న. రేకు తీయుటలో ఆరితేరిన యొక తల్లి నాతో "అయ్యవారూ, నా బిడ్డకు ఈ పని నేర్పను. నా కండ్లు పొగకు పోయినవి, నడుము పోయినది. ఈ విద్య నాతోనే పోనిండు" అనెను. ప్రక్కనున్న ఆమె అత్తగారు "నాలుగు తరములు తినబెట్టిన కుండ అది, దానిని తిట్టకు" అని గద్దించెను. ఇరువురి మాటయందును సత్యము కలదు. ఊరి పేరున గుర్తింపు వచ్చినది, పెద్దరోడ్డున కొట్లు వెలసినవి, దూరదేశములకు సరుకు పోవుచున్నది. అయినను రేకు తీసిన చేతికి ముట్టునదెంత? లాభము మడిచి అమ్మువానికడ నిలిచిపోయినచో, కన్నతల్లి బిడ్డను పొయ్యి దగ్గరకు ఏల రానిచ్చును? విద్య అంతరించుచున్నదని వాపోవు పెద్దలము ముందు ఆ లెక్క చూడవలెను. పొగగొట్టము కట్టించుట, ఎత్తైన పొయ్యి వేయించి కూరుచుండు బాధ తగ్గించుట గొప్ప వ్యయము కాదు. మగవారు మిఠాయి కొట్టునకు అద్దపు బీరువాలు చేయించిన దినముననే ఇదియు చేయింపవచ్చును.

ఆ తల్లి కూతురు పదవ తరగతి గట్టెక్కినది, పై చదువు చదువుచున్నది. ఇంటి జమాఖర్చుల పుస్తకము ఇప్పుడు ఆమె చేతిలోనే యున్నది. మొన్న నేను పోయినప్పుడు తెరచి చూపినది. బియ్యమునకు ఇంత, నేతికి ఇంత, బెల్లమునకు ఇంత, కొబ్బరాకు మోపులకు ఇంత, పెట్టెలకు ఇంత అని ఆమె తండ్రి యేండ్లతరబడి వ్రాసిన పద్దులు. ఆ పుటల క్రింద ఈ సంవత్సరము క్రొత్తగ ఒక వరుస చేరినది: "రేకు తీసినందులకు అమ్మకు". దాని యెదుట ప్రతిదినము ఒక మొత్తము. తండ్రి మొదట "ఇంటి మనిషికి కూలి యేమిటి?" అని చిరాకుపడెనట. తల్లి "కొట్టివేయవే" అనెనట. పిల్ల కొట్టివేయలేదు.