మొత్తం మారిందా, పాతదేనా?

మదనపల్లె టమాటా మార్కెట్లో ధర ఏ రోజుకారోజే. మండీలో ఎక్సెల్ షీటు తెరిచి కిలో ధర 18 తీసి 22 కొట్టారనుకోండి, కింద మొత్తం మాత్రం కదలదు. ఫార్ములా సరిగ్గానే ఉంది, లెక్కింపే 'మాన్యువల్'లో ఉండిపోయింది. ఎఫ్9 నొక్కితే మారుతుంది.

పుంగనూరులో పాల లెక్కకైనా, కుప్పంలో కొట్టు లెక్కకైనా ఇదే చిక్కు. ముందు తెరిచిన ఫైలు మాన్యువల్‌లో ఉంటే, వెనక తెరిచినవీ దాని దారే పడతాయి. ఎక్సెల్‌కు జతచేసుకునే కొన్ని యాడ్-ఇన్‌లు వేగం కోసం లెక్కింపు ఆపేసి, ఆ ముక్క చెప్పనే చెప్పవు. ఇది అన్యాయం. 'లెక్కింపు ఆపాం, ఎఫ్9 నొక్కండి' అని వాటిని తయారుచేసేవాళ్లు తెరమీద తెలుగులో పెట్టాలి.

అందాకా, రైతుకు చీటీ రాసే ముందు తెర ఎడమ కింది మూల చూడండి. అక్కడ 'కాల్క్యులేట్' అని కనిపిస్తే, ఆ మొత్తాన్ని నమ్మకండి.