గేటు దాకా బస్సు

(సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



చెరకు నరికిన తల్లి కొడుకును. ఇయ్యాల నిజామాబాద్ శివారు కాలనీలో ఉంటున్న. సిమెంటు రోడ్లు, గేటుకు వాచ్‌మన్. ఉప్పు ప్యాకెట్‌కు గూడ బండి తియ్యాలె. అప్పు చేసి కారు కొన్న. అందుకు సిగ్గుపడను. 1917లో బరోడాలో అంబేడ్కర్‌ను పార్సీ సత్రంలోంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టిన్రు, ఉండనీకి ఇల్లు దొరకలేదు. మనకు కాలనీలో ఇల్లంటే చిన్న సంగతి కాదు.

కానీ ఆ ఇండ్లల్ల బాసాన్లు తోమేదెవరు? 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. మా వాడ ఆడోళ్లు కొందరు ఇప్పుడు పనికి నిజామాబాద్ వస్తున్నరు. 2023 డిసెంబర్ 9 నుంచి వాళ్లకు సర్కారు బస్సు ఫ్రీ. బోధన్ నుంచి పైసా లేకుండ వచ్చినామె, ఆఖరి రెండు కిలోమీటర్లు మాత్రం ఎండల నడవాలె. మా గేటు దాకా బస్సు లేదు. కాలనీ కట్టినోడు కార్ల లెక్కే చూసుకున్నడు.

మొన్న ఒకామెను కారెక్కమన్న.

"రోజూ ఎక్కిస్తరా సారూ?" అన్నది.

నాకాడ జవాబు లేదు.

సోమవారం డిపోల దరఖాస్తు ఇస్తున్నం. సంతకాలు కావాలె, కారున్నోళ్లవి గూడ.