ఆ తూములు ఎవరు పెట్టిండ్రు?



అమెరికాల సౌత్ కరోలినా అనే రాష్ట్రం ఉంది. అక్కడ చార్ల్‌స్టన్ చుట్టుపక్కల పాత ప్లాంటేషన్ బంగళాలను టికెట్ పెట్టి చూపిస్తరు. తెల్ల స్తంభాలు, ఓక్ చెట్ల బాట, దొర ఫొటో. ఈ మధ్య బానిసల గుడిసెలు కూడా చూపిస్తున్నరు, కాదనను. కాని నన్నడిగితే చూడాల్సింది నది ఒడ్డున ఉన్న పాత వరి మడులు.

అవి పుట్టు మడులు కావు. సైప్రస్ చెట్ల చిత్తడి అడవి. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులు బురదల దిగి, అడవి నరికి, పారలతోటి మైళ్లకు మైళ్లు గట్లు పోసిండ్రు. గట్టుకు తూము పెట్టిండ్రు. సముద్రం పోటు మీదున్నప్పుడు నది ఎనకకు తంతది. ఉప్పునీళ్లు బరువు, అడుగున ఉంటయి. పైనున్న మంచినీళ్లను తూము తెరిచి మడికి తీయాలె, ఆటు రాంగనె వదలాలె. అదను తప్పితే ఉప్పెక్కి పంట పోతది. మొదట్ల తూమంటే తొలిచిన చెట్టు మొద్దే. తర్వాత పలకలతోటి చేసినా 'ట్రంక్' అన్న పేరే నిలిచింది.

ఇంగ్లండ్‌ల వరి పండదు. మరి ఈ విద్య దొరకు ఎక్కడిది? సెనగల్ నుంచి సియెర్రా లియోన్ దాకా తీరంల తరతరాలుగా వరి పండించిన జనం ఉన్నరు. జుడిత్ కార్నీ 2001ల 'బ్లాక్ రైస్' పుస్తకంల ఈ మాటే గట్టిగ చెప్పింది. అంత లేదని కొందరు చరిత్రకారులు కొట్లాడుతున్నరు. కొట్లాడనియ్యుండ్రి. మడమతోటి గుంట చేసి, గింజేసి, పాదంతోటి మట్టి కప్పే ఆడోళ్లు అక్కడా ఉన్నరు, ఇక్కడా ఉన్నరు.

రోజు చాకిరి పావు ఎకరం. దాన్ని 'టాస్క్' అన్నరు. అది ఒడిస్తే మిగిలిన పొద్దు వాళ్లది. ఆ పొద్దుల సొంత తోట పెట్టుకున్నరు, కోళ్లు పెంచుకున్నరు. బానిసత్వం పోయినంక కూడా భూమిని 'ఇన్ని టాస్కులు' అనే కొలుచుకున్నరు.

ఇంక బొందలగడ్డ. అడవిల, నీళ్ల పక్కన. పోయినోళ్లు వాడిన పళ్లెం, సీసా, గవ్వలు బొంద మీద పెట్టేటోళ్లు. దొర లెక్కల అది పనికిరాని పొద.

1865 జనవరిల జనరల్ షెర్మన్ ఆ తీరం భూమిని కుటుంబానికి 40 ఎకరాల దాకా నల్లవాళ్లకు పంచాలని ఆర్డరిచ్చిండు. అదే ఏడు అధ్యక్షుడు జాన్సన్ మళ్ల దొరలకే అప్పజెప్పిండు. అక్టోబర్‌ల ఎడిస్టో దీవి నల్లవాళ్లు అధ్యక్షునికి అర్జీ రాసిండ్రు. ఈ భూములు ఇట్లున్నయంటే మా చేతుల పనే అని రాసిండ్రు. భూమి రాలె.

దగ్గర్లనే హిల్టన్ హెడ్ దీవి ఉంది. 1950ల నుంచి అక్కడ రిసార్టులొచ్చినయి. గేట్లు పెట్టి, వాటికి 'ప్లాంటేషన్' అని పేర్లు పెట్టుకున్నరు. కొన్ని బొందలగడ్డలు ఆ గేట్ల లోపల పడ్డయి. తాత బొంద కాడికి పోవాలన్నా మనుమడు గేటు కాడ ఆగి, ఎందుకొచ్చిండో చెప్పుకోవాలె.