ఎర్రర్‌ని పట్టుకుంటే చాలదు, పైకి చెప్పాలి: ఒక నెట్‌వర్క్ డ్రైవర్ కథ

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చాలామంది స్టూడెంట్స్ "కెర్నెల్‌లో మొదటి పాచ్ దేని మీద చేయాలి సార్?" అని అడుగుతా ఉన్నారు. ఎక్కువమంది ఎంచుకునేది ఒకటే: ఫంక్షన్ ఎర్రర్ ఇస్తుంది, పిలిచినవాళ్ళు పట్టించుకోరు, అక్కడ ఒక ఇఫ్ పెట్టడం. చూడ్డానికి సులభం. నిజంగా అంత సులభమా? లైనక్స్‌లో జరిగిన కేసే చూద్దాం.

సన్ కంపెనీ నెప్ట్యూన్ అనే 10 గిగాబిట్ ఈథర్‌నెట్ కార్డు ఉంది. దాని డ్రైవర్ పేరు ఎన్ఐయూ. కార్డు మీది ఈఈప్రామ్ నుంచి ఈ డ్రైవర్ ఒక్కో బైట్ చదువుతుంది. మ్యాక్ అడ్రస్ కూడా అందులోదే. చదవడం కుదరకపోతే ఫంక్షన్ మైనస్ 19 ఇస్తుంది, అంటే డివైస్ లేదని. పాత కోడ్ దాన్ని చూడకుండా నేరుగా బైట్‌లో పెట్టేసేది. మైనస్ 19ని 8 బిట్లలో పెడితే ఎంత? 237. అంటే ఎర్రర్ కాస్తా మ్యాక్ అడ్రస్‌లో ఒక అంకె అయిపోతుంది!

దీనికి ఒక పాచ్ వచ్చింది, చెక్ పెట్టారు. 2021లో, కావాలని తప్పుడు పాచ్‌లు పంపారన్న గొడవ తర్వాత, మిన్నెసోటా యూనివర్సిటీ నుంచి వచ్చిన పాచ్‌లన్నీ కెర్నెల్ వాళ్ళు మళ్ళీ తిరగేశారు. వాటిలో ఇదీ ఒకటి. చెక్ పెట్టడం మంచిదే, కానీ చేసింది సగమే, కాబట్టి ఆ మార్పు సరికాదని తేల్చి వెనక్కి తీసేశారు.

ఎందుకు సగం? మన వైపు పాల కేంద్రం తెలుసు కదా. ఊర్లో పాలు విరిగినాయని కనిపెట్టి వ్యాన్ డ్రైవర్‌కి చెప్పారు. ఆయన డెయిరీలో ఎవరికీ చెప్పలేదు. ఇంక కనిపెట్టి ఏం లాభం? ఇక్కడ ఆ వ్యాన్ డ్రైవర్ లాంటి ఫంక్షన్ మధ్యలో ఒకటుంది, దాని రిటర్న్ టైప్ వాయిడ్. కింద నుంచి వచ్చిన ఎర్రర్ అక్కడే ఆగిపోతుంది. అందుకే కొత్త పాచ్‌లో వాయిడ్‌ని ఇంట్ చేసి, ఎర్రర్‌ని పైదాకా పంపారు.

కథ అయిపోలేదు. కింది ఫంక్షన్ 1 కూడా ఇస్తుంది. దానర్థం "కావలసినవన్నీ దొరికాయి" అని. కొత్త కోడ్ ఆ 1ని కూడా ఎర్రర్ కింద కట్టేసింది. దాంతో బాగున్న కార్డుకి కూడా డ్రైవర్ లోడ్ కాలేదు. ఆ కార్డు నిజంగా వాడే ఒకాయన అదే ఏడాది ఇంకో పాచ్ పంపి సరిచేశారు.

కాబట్టి ఇఫ్ రాసే ముందు మూడు చూడండి. ఒకటి, ఆ ఫంక్షన్ ఏ విలువ ఇస్తే ఏం అర్థం? సున్నా కానిదల్లా ఎర్రర్ కాదు. రెండు, మీరు తిప్పి పంపే ఎర్రర్ ప్రోబ్ దాకా చేరుతుందా, మధ్యలో వాయిడ్ ఉందా? మూడు, అప్పటికే తీసుకున్న మెమరీ, ఐఆర్‌క్యూ, క్లాక్ అన్నీ తిరిగి వదిలేస్తున్నారా? హార్డ్‌వేర్ మీ దగ్గర లేకపోతే, కంపైల్ మాత్రమే చేశానని పాచ్‌లో రాసేయండి. అందులో నామోషీ ఏమీ లేదు, చదివేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో మూడో పాయింట్, గోటోతో వెనక్కి విప్పుకుంటూ రావడం చూద్దాం. ఉంటాను మరి.